రాతి పలకని ఫ్రిజ్‌లో పెట్టకండి

ఒకరోజు సాయంత్రం, బయట వాన పడుతోంది, ఇంటికి ఆరుగురు భోజనానికి వస్తున్నారు. నేను చీజ్ వడ్డించే పాలరాతి పలకని పొద్దున్నే ఫ్రిజ్‌లో పెట్టేశాను. అలా పెట్టాలని ఎక్కడో చదివాను. ఎక్కడో ఏంటి, రాతి పలకలు అమ్మేవాళ్ళు, వాటి గురించి రాసేవాళ్ళు దాదాపు అందరూ ఇదే చెప్తారు: ముందుగా చల్లబరిస్తే చీజ్ ఎక్కువసేపు తాజాగా ఉంటుందట. సరేనని అతిథులు వచ్చే ముందు తీసి బల్ల మీద పెట్టి, ఒక బ్రీ (మెత్తటి రకం చీజ్) ముక్క, ఒక పాత చెడ్డర్ (గట్టి రకం) దిమ్మ, కాస్త బ్లూ చీజ్ సర్ది, ఖాళీ ఉన్నచోట ద్రాక్ష గుత్తి పెట్టి, ఫొటో కూడా తీసుకున్నాను. ఫొటోలో బ్రహ్మాండంగా ఉంది. ఐదు నిమిషాలకి పలక మీద అద్దం మీద ఊపిరి వదిలినట్టు సన్నటి తెల్లటి పొర వచ్చింది. తర్వాత ఆ పొర చుక్కలైంది. చుక్కలు ఒకదాన్నొకటి వెతుక్కుంటూ వెళ్ళి చెడ్డర్ కింద చిన్న మడుగు కట్టాయి, బ్లూ చీజ్ అడుగు జిగటగా తయారైంది. వదిన ఒక ముక్క తీసి, తిప్పి అడుగు చూసి, "ఇదేంటి, కడిగి పెట్టావా?" అంది.

అప్పటినుంచి నాకు ఈ చల్లబరచడం గోల మీద ఒక పట్టుదల పెరిగింది. రాతి పలకలంటే నాకు ఇష్టమే, ఇంట్లో మూడున్నాయి, ముందే చెప్పేస్తున్నాను. నా గొడవంతా వాటిని ఏ కారణం చెప్పి అమ్ముతున్నారో దాని మీద. చల్లగా ఉంచుతుంది, మరక పడదు, ఎంత వాడినా కొత్తగా ఉంటుంది అని మూడు మాటలు చెప్తారు. మూడూ నమ్మి కొన్నవాళ్ళు ఆర్నెల్లలో దాన్ని అటక మీదకి ఎక్కించేస్తారు. ఆ మూడింటినీ వదిలేసుకున్నవాళ్ళకే అది పనికొస్తుంది.

ముందు చెమట సంగతి. గది 27 డిగ్రీలుండి గాలిలో తేమ 80 శాతం ఉంటే, దాదాపు 23 డిగ్రీల కంటే చల్లగా ఉన్న దేని మీదైనా నీరు కడుతుంది. నా పలక ఫ్రిజ్‌లోంచి 4 డిగ్రీల దగ్గర బయటికొచ్చింది, ఇంక కట్టక ఏం చేస్తుంది? పోనీ పొడిగా ఉన్న రోజే అనుకుందాం, 25 డిగ్రీలు, తేమ 50 శాతం. అప్పుడు ఆ గీత 14 డిగ్రీల దగ్గర ఉంటుంది, ఫ్రిజ్ రాయి అప్పుడూ తడుస్తుంది, కాకపోతే కాస్త తక్కువ. చల్లటి నీళ్ళ గ్లాసు బయట చుక్కలు చూడనివాళ్ళు ఎవరూ ఉండరు. గ్లాసు అయితే కింద కోస్టర్ పెట్టి ఊరుకుంటాం, ఇక్కడ ఆ తడి మీదే తినే వస్తువు పెడుతున్నాం.

ఇంకో విషయం, ఇది ఇంకా ముఖ్యం. చీజ్‌కి అసలు ఆ చల్లదనం అక్కర్లేదు. చీజ్ రుచిలో పెద్ద వాటా పాల కొవ్వుది, వాసన ఇచ్చే పదార్థాలు చాలావరకు ఆ కొవ్వులోనే కరిగి ఉంటాయి. పాల కొవ్వు ఒకేసారి కరిగే పదార్థం కాదు, అందులో రకరకాల కొవ్వులు రకరకాల ఉష్ణోగ్రతల దగ్గర కరుగుతూ పోయి, మన ఒంటి వేడి దగ్గరకి వచ్చేసరికి దాదాపు మొత్తం ద్రవమవుతుంది. ఫ్రిజ్ చలిలో దానిలో చాలా భాగం గట్టిగా బిగుసుకుని ఉంటుంది, వాసనలు బయటికి రావు. అందుకే చీజ్ తెలిసినవాళ్ళు ఎవరైనా తినడానికి అరగంట నుంచి గంట ముందు బయట పెట్టమంటారు. ఫ్రిజ్‌లోంచి తీసిన బ్రీ నోట్లో సుద్దముక్కలా ఉంటుంది, అదే బ్రీ గంటాగి తింటే మధ్యలో మెత్తబడి పుట్టగొడుగు వాసనతో వేరే వస్తువులా ఉంటుంది. ఒకపక్క చీజ్‌ని చల్లదనంలోంచి బయటికి తెస్తూ, ఇంకోపక్క దాని కింద చల్లటి రాయి పెట్టడం ఏం లెక్కో నాకు అర్థం కాదు.

మరి ఈ మాట ఎక్కడినుంచి వచ్చింది? నా అంచనా ఇది. ఫ్రిజ్‌లు లేని రోజుల్లో బ్రిటన్‌లో పెద్ద ఇళ్ళకి ఉత్తరం వైపు, ఎండ తగలని గదిలో, పాలూ వెన్నా చీజూ పెట్టుకునే అరలు ఉండేవి. ఆ అరలు మందపాటి పలకరాయితోనో (అంటే స్లేటు రాయి) పాలరాయితోనో చేయించేవాళ్ళు. పేస్ట్రీ చేసేవాళ్ళు ఇప్పటికీ పిండిలో వెన్న కరిగిపోకుండా పాలరాతి బల్ల మీదే ఒత్తుతారు. రాయి, పాల సరుకు, చల్లదనం అనే మూడు మాటలు అలా ఒకచోట చేరాయి. కానీ అక్కడ చల్లగా ఉన్నది గది. రాయి ఎంతో మందం, గోడలోకి దిగి ఉన్న బరువు, రాత్రి చలిని పట్టుకుని పగలు మెల్లగా వదిలేది. దానికీ, దీపాల వెలుగులో ఎనిమిదిమంది మాట్లాడుకునే బల్ల మధ్యలో ఉన్న ఒకటిన్నర సెంటీమీటరు పలకకీ పోలికేంటి?

కావాలంటే లెక్క వేద్దాం, నేను వేశాను. 30 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పు, ఒకటిన్నర మందం ఉన్న పాలరాతి పలక సుమారు 2.4 కిలోలు తూగుతుంది. అది 4 డిగ్రీల నుంచి 25 డిగ్రీలకి చేరేలోపు పీల్చుకునే వేడి మొత్తం సుమారు 45 కిలోజౌళ్ళు. అది ఎంతంటే, 130 గ్రాముల మంచు కరగడానికి పట్టే వేడి. అంటే గుప్పెడు ఐసు ముక్కలు. రెండున్నర కిలోల రాయిని ఫ్రిజ్‌లో సగం అర ఖాళీ చేసి, మిగతా గిన్నెలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి, పొద్దుటినుంచీ మోసింది గుప్పెడు ఐసు కోసం. అందులోనూ ఎక్కువ భాగం చీజ్‌కి చేరదు, గాలికే పోతుంది.

"కానీ రాయి ముట్టుకుంటే చల్లగానే ఉంటుంది కదా" అంటారు. ఉంటుంది. అదే గదిలో పక్కపక్కన పెట్టిన చెక్క పలక, రాతి పలక రెండూ ఒకే ఉష్ణోగ్రతలో ఉంటాయి, థర్మామీటర్ పెట్టి చూసుకోండి. మన చెయ్యి వాటికంటే వేడి. రాయి ఆ వేడిని చెక్క కంటే చాలా వేగంగా లాగేసుకుంటుంది, దాన్నే మనం చల్లదనం అనుకుంటాం. తమాషా ఏంటంటే ఇదే గుణం చీజ్ దగ్గర తలకిందులవుతుంది. చీజ్ ఫ్రిజ్‌లోంచి వచ్చింది, రాయి గది వేడిలో ఉంది, ఇప్పుడు వేడి రాయిలోంచి చీజ్‌లోకి పోతుంది, అది కూడా చెక్క మీదకంటే వేగంగా. అడుగు ముందు మెత్తబడుతుంది. అంటే ఫ్రిజ్‌లో పెట్టని రాయి చీజ్‌ని కాస్త త్వరగా తినే స్థితికి తెస్తుందన్నమాట. అమ్మేవాళ్ళు చెప్పేదానికి సరిగ్గా ఎదురు. ఇది తెలిశాక నాకు రాయి మీద ఇష్టం ఇంకా పెరిగింది.

ఇక మరకల సంగతి. ఇక్కడ "సహజమైన రాయి" అని ఒక్క మాటలో కలిపేయడమే అసలు మోసం, ఎందుకంటే ఒక రాయికీ ఇంకో రాయికీ ఇత్తడికీ ఇనుముకీ ఉన్నంత తేడా ఉంటుంది. పాలరాయి అంటే భూమి లోపల వేడికీ ఒత్తిడికీ మారిపోయిన సున్నపురాయి. దానిలో ఉన్నది ముఖ్యంగా కాల్షియం కార్బొనేట్. స్కూల్లో సున్నపురాయి మీద ఆమ్లం వేస్తే బుస్సుమని బుడగలొచ్చే ప్రయోగం గుర్తుందా? నిమ్మకాయ ముక్క పాలరాయి మీద పెట్టినప్పుడు జరిగేది అదే, కాకపోతే చప్పుడు లేకుండా. చీజ్‌లోనూ ఆమ్లం ఉంటుంది కానీ అది మరీ తక్కువ, ఒక సాయంత్రంలో పెద్దగా ఏమీ చేయదు. చేసేదంతా పక్కన పెట్టేవే: వైన్, నిమ్మ, వెనిగర్‌లో ఊరిన దోసకాయ ముక్కలు, కోసిన ద్రాక్ష, చివరికి తేనె కూడా ఆమ్లమే.

నా పలక మీద రెండు గుండ్రాలు పడ్డాయి. ఒకటి వైన్ గ్లాసు అడుగుది, ఇంకోటి సగం కోసి బోర్లించిన నిమ్మకాయది, నిమ్మకాయదైతే లోపలి తొనల గీతలతో సహా దిగింది. నేను మరక అనుకుని ముందు సబ్బు, తర్వాత వంటసోడా, ఆ తర్వాత (ఇది రాయడానికి సిగ్గుగా ఉంది) ఎవరో మరకలకి మంచిదన్నారని వెనిగర్ రాశాను. ఆమ్లం తిన్న చోట ఇంకో ఆమ్లం! రెండు గుండ్రాల స్థానంలో పెద్ద మసకమసక మేఘం తయారైంది. అప్పుడు తెలిసింది, మరక వేరు, తినేయడం వేరు. మరక అంటే బయటి వస్తువు రాయిలోకి ఇంకడం, దాన్ని లాగొచ్చు, వంటసోడాని నీళ్ళతో ముద్ద చేసి నూనె మరక మీద రాత్రంతా ఉంచితే చాలావరకు పీలుస్తుంది. తినేసిన చోట లాగడానికి ఏమీ లేదు, ఉన్న రాయే పోయింది. మెరిసే పొర పోయి కింద గరుకు బయటపడింది, అంతే.

దాన్ని బాగుచేయడానికి నేను చేసిన పని చెప్తాను, ఎవరికైనా పనికొస్తుందేమో. గుండ్రాలని మళ్ళీ మెరిసేలా చేయడం మానేసి, పలక మొత్తాన్ని గుండ్రాల స్థాయికి దించేశాను. సింకులో తడిగుడ్డ పరిచి దాని మీద పలక పెట్టి, 400 నంబరు వాటర్ పేపర్‌ని (తడిపి రుద్దే గరుకు కాగితం) చిన్న చెక్కముక్కకి చుట్టి, సన్నగా నీళ్ళు వదులుతూ గుండ్రంగా రుద్దాను. రెండు నిమిషాల్లో నీళ్ళు పాలలా తెల్లబడ్డాయి. అవి పాలరాతి పాలే, పలక పైపొర నీళ్ళలో పోతోంది. మధ్యమధ్యలో కడిగి, లైటుకి ఏటవాలుగా పట్టి చూడాలి, మెరుపు ఇంకా మిగిలిన చోట్లు నీటి మడుగుల్లా తళుక్కుమంటాయి, అక్కడ మళ్ళీ రుద్దాలి. నలభై నిమిషాలు పట్టింది, తర్వాత 800 నంబరుతో ఇంకో పది నిమిషాలు. ఆరాక చేత్తో తడిమితే ఏటిలో దొరికే గులకరాయిలా ఉంది. నిమ్మకాయ గీతలు రెండు మూడు ఇంకా లీలగా కనిపిస్తాయి, ఎక్కడ చూడాలో తెలిస్తేనే. ఆ రోజునుంచి దాని మీద ఏం పడినా నాకు టెన్షన్ లేదు. కొనేటప్పుడే మ్యాట్ ఫినిష్ ఉన్నది కొనుక్కుంటే ఈ శ్రమ తప్పేది. అద్దంలా మెరిసే పాలరాతి పలక చీజ్‌కి కొనడం తెల్ల చొక్కా వేసుకుని పెయింటు వేయడానికి వెళ్ళడం లాంటిది.

కొవ్వు గురించి కూడా భయపెడతారు. ఇటలీలో కరారా పాలరాతి గనుల పక్కన కొలన్నాట అనే చిన్న ఊరుంది. అక్కడ పంది కొవ్వుని ఉప్పూ మూలికలూ వేసి పాలరాతి తొట్లలో పెట్టి మూతపెట్టి కనీసం ఆరు నెలలు ఊరబెడతారు, 2004లో ఆ కొవ్వుకి యూరప్‌లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆరు నెలలు కొవ్వు, ఉప్పునీళ్ళు, పాలరాయి! ఆ తొట్లు తెల్లగా మెరుస్తున్నాయా అని ఎవరూ చూడరు. మనమేమో రెండు గంటలు బ్రీ ఉంచినందుకు పలక మీద నూనె మచ్చ వచ్చిందని కంగారుపడతాం.

పలకరాయి కథ వేరు. అది బురద గట్టిపడి, ఒత్తిడికి లోపలి రేకులన్నీ ఒకే దిశలో పడుకున్న రాయి, అందుకే పొరలు పొరలుగా చీలుతుంది. పెళ్ళున పగలగొట్టడం కాదు, ఉలి అంచుని పొర మీద ఆనించి కొయ్యసుత్తితో తడుతుంటే, రాయి తనే దారి చూపిస్తూ పుస్తకంలా తెరుచుకుంటుంది. గనిలోంచి తీశాక లోపలి చెమ్మ ఆరకముందే చీల్చాలి, ఎండిపోతే మొండికేస్తుంది. ఉత్తర వేల్స్‌లో ఈ పని ఎంత పెద్ద ఎత్తున జరిగిందంటే ఆ గనుల ప్రాంతాన్ని 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఇంటి కప్పుల మీద పరిచే ఈ రాళ్ళ సైజులకి అక్కడ డచెస్, కౌంటెస్, లేడీ అని పేర్లు పెట్టారు, ఒక్కో దొరసాని ఒక్కో కొలత. ఇప్పుడు చీజ్ పలకలుగా మనకి దొరికేవి చాలావరకు ఈ కప్పురాళ్ళకి చుట్టాలే.

పలకరాయి ఆమ్లానికి పాలరాయంతగా లొంగదు, దానిలో ఎక్కువగా ఉండేవి అభ్రకం లాంటి రేకులూ క్వార్ట్జ్ అనే గట్టి ఖనిజమూ కాబట్టి. చాక్‌పీస్‌తో ఏ చీజ్ ఏదో దాని మీదే రాసేయొచ్చు, ఇది నాకు చాలా నచ్చే సంగతి, ఎందుకంటే ప్రతి అతిథికీ "ఇదేంటి, ఇదేంటి" అని ఎనిమిదిసార్లు చెప్పే పని తప్పుతుంది. (రాసిన పేరుకీ చీజ్‌కీ మధ్య రెండు వేళ్ళ ఖాళీ వదలండి, లేకపోతే బ్రీ కరిగి వచ్చి తన పేరు తనే చెరిపేసుకుంటుంది.) దీనిక్కూడా రోగాలున్నాయి. చీల్చిన ఉపరితలం గుంటలు గుంటలుగా ఉంటుంది, మెత్తటి చీజ్ ఆ గుంటల్లో ఇరుక్కుంటుంది, మెత్తటి బ్రష్‌తో తోమాల్సిందే. నాసిరకం పలక అంచులు పొడిపొడిగా రాలతాయి. కొనేముందు రెండు పనులు చేయండి. ఒకటి, తడిగుడ్డతో గట్టిగా తుడిచి గుడ్డ చూడండి, రెండోసారి మూడోసారి కూడా బూడిద అంటుతుంటే వదిలేయండి. రెండు, ఒక మూలని రెండు వేళ్ళతో వేలాడదీసి పట్టుకుని ఇంకో చేతి వేలి కణుపుతో తట్టండి. ఖంగుమంటే రాయి నిండుగా ఉన్నట్టు, దబ్ మంటే లోపల ఎక్కడో పగులుందన్నట్టు. పలకరాయి పనివాళ్ళు మొదటినుంచీ చేసే పరీక్ష ఇదే.

మిగతావాటి గురించి ఎక్కువ చెప్పను. గ్రానైట్ గట్టిది, ఆమ్లాన్ని లెక్కచేయదు, మొద్దుగా ఉంటుంది, ఎవరికీ గుర్తుండదు, అదే కావాలంటే అదే మంచిది. బలపపు రాయి చేతికి మెత్తగా జారుతూ ఉంటుంది, ఆమ్లంతో పనిలేదు, కానీ గోరుతో కూడా గీతపడేంత మెత్తన. గాఢమైన నీలం, గులాబీ రంగుల్లో వచ్చే అగేట్ బిళ్ళలు మాత్రం చాలావరకు రంగు ఎక్కించినవే, రాయి సహజమే కావచ్చు, ఆ రంగు కాదు. ఇంకోటి, పాలరాతి పొడిని రెసిన్‌లో కలిపి పోతపోసినవి, పింగాణీ మీద గీతలు ప్రింటు చేసినవి కూడా పాలరాయి పేరుతోనే తిరుగుతుంటాయి. పైన ఉన్న గీత అంచు మీదుగా దిగి అడుగున ఎక్కడైనా తేలుతోందా అని చూడండి. రాయిలో గీత లోపలి దాకా ఉంటుంది, ప్రింటులో అంచు దగ్గర ఆగిపోతుంది.

కత్తి గురించి ఒక్క మాట. రాతి పలక మీద కోయకండి. గ్రానైట్‌లోని క్వార్ట్జ్ కత్తి ఉక్కు కంటే గట్టిది, దాని సంగతి సరే. పాలరాయి కత్తి కంటే మెత్తనే, అయినా కత్తి అంచుకి అది వంగని గోడ లాంటిది, సన్నటి అంచు మడత పడిపోతుంది, పైగా రాయి మీద గీత పడుతుంది, ఆ కర్రుమనే చప్పుడు విన్నవాళ్ళ పళ్ళు జివ్వుమంటాయి. గట్టి చీజ్‌లు ముందే చెక్క మీద కోసి తెచ్చి సర్దండి, మెత్తటివాటికి మొద్దు కత్తి చాలు. ఒక పక్కన తీగ బిగించి, ఆ తీగ దిగడానికి రాతిలో గాడి చెక్కిన పాలరాతి పలకలుంటాయే, అవి మాత్రం తెలివైనవి. తీగ రాతిని కొట్టుకోదు, రాయి బరువుకి పలక కదలదు.

"చేత్తో చేసినది" అన్న మాట మీద కూడా నాకు అనుమానమే. రంపంతో కోసి, మెషీన్ మీద నున్నగా చేసి, చివర్లో అంచుని నాలుగు దెబ్బలు కొట్టి గరుకుగా చేస్తే అదీ చేతిపనే అంటారు. ఆ గరుకు అంచు అందంగానే ఉంటుంది, కాదనను. నాకు తెలుసుకోవాలనిపించేది ఆ చేతుల యజమాని ఏం పీల్చాడన్నది. రాయి కోసినప్పుడు లేచే దుమ్ములో క్వార్ట్జ్ ఉంటే అది ఊపిరితిత్తుల్లో చేరి మచ్చలు కట్టిస్తుంది, దాన్ని సిలికోసిస్ అంటారు, వచ్చాక నయమయ్యేది కాదు. స్వచ్ఛమైన పాలరాయిలో క్వార్ట్జ్ తక్కువ, పలకరాయిలోనూ గ్రానైట్‌లోనూ బాగానే ఉంటుంది, రెసిన్‌తో చేసే కృత్రిమ క్వార్ట్జ్ రాయిలో 90 శాతం పైన కూడా ఉండొచ్చు. వంటగట్లకి వాడే ఆ కృత్రిమ రాయిని ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి నిషేధించింది, కోసే కుర్రాళ్ళకి జబ్బులొస్తున్నాయని. నీళ్ళు పోస్తూ కోస్తే, సరైన మాస్కు పెట్టుకుంటే దుమ్ము చాలా తగ్గుతుంది. అందుకే చేత్తో చేశామని గొప్పగా చెప్పుకునేవాళ్ళని నేను అడిగే ప్రశ్న ఒకటే: తడిపి కోస్తారా, పొడిగా కోస్తారా? జవాబు తెలిసినవాళ్ళు వెంటనే చెప్తారు, వాళ్ళ దగ్గర కొనొచ్చు. "అంటే ఏంటండీ?" అని ఎదురడిగితే వాళ్ళు రాయిని ఎక్కడో టోకున తెచ్చి అమ్ముతున్నారని లెక్క.

ఇంత తిట్టాక రాయి ఎందుకు మరి, శుభ్రంగా చెక్క పలక కొనుక్కోవచ్చుగా అంటారు. కొనుక్కోవచ్చు. రోజువారీకి నేను వాడేది చెక్కే. కానీ బ్లూ చీజ్ నాలుగుసార్లు పెట్టాక చెక్కని వాసన చూడండి, మేక చీజ్ తడి ఎండిన చోట రంగు చూడండి. సరిగ్గా తుడిచిన రాయికి వాసన పట్టదు. ఇంకోటి బరువు. గట్టిపడ్డ పార్మెజాన్‌లోంచి ముక్క పెకలించాలంటే కత్తి మొన గుచ్చి తిప్పాలి, మొన రాతిదాకా దిగకుండా, అప్పుడు తేలిక పలకైతే బల్ల మీద గిరగిరా తిరుగుతుంది, రెండోచేత్తో పట్టుకోవాలి. రెండున్నర కిలోల రాయి కదలదు. (అడుగున నాలుగు కార్కు బిళ్ళలు అంటించకపోతే బల్ల మాత్రం గీసుకుపోతుంది, అది మీకూ మీ బల్లకీ సంబంధించిన విషయం.)

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకోటుంది, దీన్ని ఏ అట్టపెట్టె మీదా రాయరు. రాతి పలకని చేత పట్టుకుని అందరి దగ్గరికీ తిప్పలేరు. మోయలేక ఒకచోట పెట్టేస్తారు, మనుషులే దాని దగ్గరికి రావాలి. తేలిక ట్రే అయితే ఇంట్లోవాళ్ళు వంటగదికీ హాలుకీ మధ్య తిరుగుతూ "తీసుకోండి, తీసుకోండి" అని ఒక్కొక్కరి ముందూ వంగుతూ ఉంటారు, తినేవాళ్ళు మొహమాటానికి ఒక ముక్క తీసుకుని ఊరుకుంటారు. రాయి దగ్గర అయితే నలుగురు నిలబడి, ఒకరు చెడ్డర్ పొడి వేలితో ఏరుకుంటూ, ఇంకొకరు బ్రీ పైతొక్క తినొచ్చా తినకూడదా అని వాదిస్తూ, వడ్డించేవాళ్ళు కూడా అక్కడే నిలబడిపోతారు. ఇంట్లోవాళ్ళు నిలబడి తినగలిగే ఏర్పాటు ఇది.

ఇప్పుడు నేను చేసేది ఇంతే. పలక అల్మరాలోంచి నేరుగా బల్ల మీదకి వస్తుంది, పొడిగుడ్డతో ఒకసారి తుడుపు. చీజ్ గంట ముందు ఫ్రిజ్‌లోంచి వస్తుంది, గట్టివి ముందు, మెత్తటివి అరగంటాగి. తడి కారే ఫెటా లాంటివాటికి చిన్న గిన్నె, నిమ్మకీ ఊరగాయలకీ ఇంకో గిన్నె. తిన్నాక గోరువెచ్చని నీళ్ళు, కాస్త సబ్బు, మెత్తటి బ్రష్, నిలబెట్టి ఆరబెట్టడం. డిష్‌వాషర్‌లో వేయను, వెనిగర్ సీసా దాని దగ్గరికి కూడా రానివ్వను. పలకరాయికైతే అప్పుడప్పుడు రుచీ వాసనా లేని మినరల్ ఆయిల్ రెండు చుక్కలు రాసి తుడిచేస్తాను, నల్లగా నిండుగా అవుతుంది. వంటనూనె రాస్తే కొన్నాళ్ళకి ముక్కిపోయిన కంపు కొడుతుంది, అది కూడా చేసి చూశాను.

మొన్న వదిన మళ్ళీ వచ్చింది. అదే పాలరాతి పలక, మ్యాట్‌గా మారిన తర్వాత తను చూడటం ఇదే మొదటిసారి. చెడ్డర్ ముక్క ఒకటి తీసి, మర్చిపోకుండా తిప్పి అడుగు చూసింది. ఏమీ అనలేదు, నోట్లో వేసుకుంది. తర్వాత మాటల్లో పడి చేతిలో ఉన్న నిమ్మరసం గ్లాసుని, అడుగంతా తడిగా ఉన్నదాన్ని, తీసుకెళ్ళి సరిగ్గా పలక మీద పెట్టేసింది. నేను కోస్టర్ తెద్దామని లేచాను, లేచినవాణ్ణి మళ్ళీ కూర్చుని ఇంకో ముక్క తీసుకున్నాను.